చిన్న మోడల్‌ని భారీ అంతరిక్ష నౌకలా షూట్ చేయడం ఎలా?

నెలల తరబడి కష్టపడి మోడల్ చేస్తారు. తీరా తెర మీద చూస్తే తిరునాళ్లలో కొన్న బొమ్మలా ఉంటుంది. చాలాసార్లు తప్పు మోడల్‌ది కాదు, తీసిన తీరుది.

కావలసినవి: రెండడుగుల మోడల్, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే ఇనుప చువ్వ, నల్లగుడ్డ, కెమెరా, ట్రైపాడ్, స్లైడర్ (కెమెరాని సాఫీగా జరిపే పట్టా), ఒక లైట్. రంగు మెరవకూడదు. కెమెరాకి కనిపించే వైపు పూర్తి చేస్తే చాలు. 1966లో మొదలైన టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ కోసం చేసిన 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ నౌక మోడల్‌కి ఎడమ పక్క నుంచి వైర్లు వచ్చేవి, అందుకే కుడివైపు నుంచే తీసేవారు.

లైట్ ఒకటే, అదీ పక్క నుంచి. సూర్యుడు ఒక్కడే కదా. రెండోది పెట్టారంటే మీ గది కనిపించిపోతుంది.

అందరూ పాడుచేసేది ఫోకస్ దగ్గరే. ముక్కు స్పష్టంగా, తోక మసకగా కనిపిస్తే అది చేతికందే దూరంలో ఉన్న చిన్న వస్తువని కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఓడ మొత్తం స్పష్టంగా ఉండాలి. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/16 పెట్టండి, చాలకపోతే ఇంకా చిన్నదైన ఎఫ్/22. అది దాటితే ఫొటో అంతా కాస్త మసకబారుతుంది.

రంధ్రం చిన్నదైంది కాబట్టి ఇప్పుడు వెలుతురు చాలదు. అలాగని ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచకండి, నల్లటి ఆకాశం నిండా చుక్కలు పడతాయి. షటర్‌ని నాలుగు సెకన్లు తెరిచి ఉంచండి. అంటే వీడియో కుదరదు, ఒక్కో ఫొటో తీయాలి. సెకనుకి 24 చొప్పున ఐదు సెకన్ల షాట్‌కి 120 ఫొటోలు. స్లైడర్‌కి స్కేలు అతికించి, ఫొటోకి 2 మిల్లీమీటర్లు జరపండి. మొదటి పది మాత్రం అర మిల్లీమీటరే. పెద్ద ఓడ ఉన్నట్టుండి కదలదు.

ఆటోఫోకస్, ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సరిచేసుకోవడం) ఆపేయండి. ఫ్యాన్ కూడా. రిమోట్ తప్ప కెమెరా బటన్ ముట్టుకోవద్దు. లైట్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి. ఒకసారి 70వ ఫొటో దగ్గర వోల్టేజ్ పడిపోయి మధ్యాహ్నమంతా తీసింది పారేశాను.

కంప్యూటర్లో చేస్తే పోదా అంటారు. దృశ్యాలు చూపించే ఎల్ఈడీ తెరల గోడల ముందు షూటింగ్‌కి పేరుపడ్డ ‘స్టార్ వార్స్’ సిరీస్ ‘ది మాండలోరియన్’ (2019) మొదటి సీజన్‌కి కూడా హీరో నౌక రేజర్ క్రెస్ట్ మోడల్ చేశారు. విజువల్ ఎఫెక్ట్స్ నిపుణుడు జాన్ నోల్ దానికోసం స్వయంగా కెమెరాని కదిలించే రిగ్ తయారుచేసుకున్నారు. నిజమైన వస్తువు మీద పడ్డ నీడ నిజంగానే ఉంటుంది.

ఇంజిన్ వెలుగు కావాలంటే స్లైడర్ జరిపిన ప్రతిచోటా రెండు ఫొటోలు తీయండి: ఒకటి పెద్ద లైట్‌తో, రెండోది ఇంజిన్ ఎల్ఈడీలు మాత్రమే వెలిగించి. ఎడిటింగ్‌లో కలపండి. 120 ఫొటోలూ వరసగా ఆడించి చూసేదాకా చువ్వ మీంచి మోడల్ దించకండి.