సీవీడ్ కొట్టినా మిరపలో మార్పు లేదా? కారణం ఇలా వెతకండి

సీవీడ్ మందు అని మనం పిలిచేది సముద్రపు నాచు రసం. అది ఎరువు కాదు, పురుగుమందూ కాదు. వేళ్లు బాగా పట్టడానికి, ఎండనూ నీటి ఎద్దడినీ మొక్క తట్టుకోవడానికి సాయం చేసే బయోస్టిమ్యులెంట్ మాత్రమే. ఈ తేడా మరిచిపోయినందుకే చాలామందికి డబ్బు పోతోంది. మిరప రైతులు ఎక్కువగా అడిగే ఇబ్బందులను వరుసగా చూద్దాం.

సమస్య: రెండుసార్లు కొట్టినా ఆకుల పసుపు పోలేదు

ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురాకులైతే నత్రజని చాలలేదు. సీవీడ్ మందుల్లో నత్రజని చాలా తక్కువ. ఒక శాతం ఉందనుకున్నా అర లీటరులో 5 గ్రాములే. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల నత్రజని ఉంటుంది. ఆకలితో ఉన్న మొక్కకు కావలసింది అన్నం కాబట్టి పైపాటుగా ఎరువు వేయండి.

లేత చిగుళ్లలో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో తరచూ కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేయండి. ఆ ట్యాంకులో సీవీడ్ కలపవద్దు.

వానకు నీరు నిలిచి తోట మొత్తం పసుపెక్కితే ముందు కాలువ తీసి నీరు పంపించండి. వేరుకు గాలి ఆడనంతకాలం పైన ఏది కొట్టినా దండగే.

సమస్య: ముడత తగ్గలేదు

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ముడత వచ్చిన తోటకు "ఇది కొడితే చిగురు విచ్చుకుంటుంది" అని సీవీడ్ అంటగడతారు. ఒక ఏడాది నేనూ నమ్మి కొన్నాను. వారం రోజులు చిగురు కోసం ఎదురుచూశాను. ఆ వారంలో పురుగు తోటంతా పాకింది.

అంచులు పైకి లేచి ఆకు పడవలా ఉంటే తామర పురుగులు. అంచులు కిందికి తిరిగి, కాడ సాగినట్టుంటే తెల్లనల్లి. ఆకులు చిన్నవై, పసుపెక్కి, మొక్క గుబురుగా గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అయి ఉండవచ్చు. ఈ మూడింటిలో దేనికీ సీవీడ్ మందు కాదు. పైగా పురుగు ఉండగా కొత్త చిగురు వస్తే అది దానికే మేత. ముందు పురుగును అదుపు చేయండి. కొత్త చిగురు శుభ్రంగా వస్తున్నప్పుడు, మొక్క తేరుకోవడానికి సీవీడ్ ఇవ్వండి. వైరస్ సోకిన మొక్కలను మాత్రం మొదట్లోనే పీకి నాశనం చేయండి.

ఇంకో మాట. "బయో" డబ్బా కొట్టిన మర్నాడే పురుగు రాలిపోతే సంతోషించకండి, అందులో పురుగుమందు కలిపారేమోనని అనుమానించండి. 2021 ఫిబ్రవరిలో బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. పురుగుమందు వాటిలో 0.01 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.01 వంతు) మించి ఉండకూడదు. లేబుల్ మీద వివరాలు లేని డబ్బా కొనకండి, బిల్లు తప్పకుండా అడగండి.

సమస్య: ట్యాంకులో జిగురు గడ్డలు, నాజిల్ పూడిపోవడం

గోధుమ రంగు నాచులో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది కాల్షియంతో కలిస్తే జెల్లీలా గడ్డకడుతుంది. పప్పు ఉడకని బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. దానికి తోడు అదే ట్యాంకులో కాల్షియం నైట్రేట్ వేస్తే ఇక చెప్పనక్కర్లేదు. పులుపు బాగా ఎక్కువైనా ఆల్జినేట్ విరిగిపోతుంది.

అప్పటికే గడ్డకట్టిన ద్రావణాన్ని కొట్టకండి. పంపు, గొట్టం, జాలీ మంచినీటితో కడగండి. ఈసారి కాలువ నీరో వాన నీరో వాడండి, కాల్షియం మరో రోజు ఇవ్వండి. వేరే మందుతో కలపక తప్పదంటే ముందు గాజు సీసాలో లీటరు నీటికి అదే మోతాదులో కలిపి అరగంట ఉంచండి. పైన తేట విడిపోయినా, అడుగున మడ్డి, గడ్డ ఏది కనిపించినా ఆ జోడీ వద్దు. కలిపేటప్పుడు పొడి మందులు ముందు, సీవీడ్ చివర.

 

సమస్య: ఆకుల అంచులు మాడాయి

మోతాదు పెరిగి ఉంటుంది, లేదా మిట్టమధ్యాహ్నం కొట్టి ఉంటారు, లేదా నాలుగైదు మందులు ఒకే ట్యాంకులో పోసి ఉంటారు. రెట్టింపు పోస్తే రెట్టింపు ఫలితం రాదు. లేబుల్ మోతాదుకే కట్టుబడి ఉదయం పూటో సాయంత్రమో కొట్టండి.

సమస్య: పూత రాలుతూనే ఉంది

పూలను తెల్లకాగితం మీద దులపండి. సన్నని నల్లటి పురుగులు పాకితే అవి 2021-22లో గుంటూరు, ఖమ్మం తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగులు కావచ్చు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, యూరియా తగ్గించండి. పురుగు లేకపోతే తడులు చూడండి. నేల నెర్రెలిచ్చాక ఒకేసారి నిండా పారిస్తే పూత రాలుతుంది. సీవీడ్ మొదటి పూతకు ముందే ఇవ్వడం మేలు, రాలడం మొదలయ్యాక దాని మీదే ఆధారపడకండి.

సమస్య: పనిచేసిందో లేదో తెలియడం లేదు

తోటంతా కొడితే పోల్చడానికి ఏమీ మిగలదు. ఈసారి చేను మధ్యలో నాలుగు సాళ్లు వదిలేసి, గట్టు మీద ముగ్గుతో గుర్తు పెట్టుకోండి. ఎరువు, నీరు, మిగతా మందులు అన్నీ సమానంగా ఇవ్వండి. కోతకొచ్చినప్పుడు ఆ నాలుగు సాళ్ల కాయనూ, పక్క నాలుగు సాళ్ల కాయనూ వేరువేరు గోతాల్లో పోసి తూకం వేయండి. ఎంత పెరిగిందో, ఆ కాయ ధర డబ్బా ఖర్చు దాటిందో లేదో నోటు పుస్తకంలో రాసుకుని, వచ్చే ఏడాది కొనేముందు ఆ పేజీ తీసి చూడండి.