గుడి వార్త చదవడం ఎలా? నాలుగో పాఠం: రెండు పెన్నులు

దేవుడూ ప్రభుత్వమూ కలిసి కనిపించే వార్త ఒకటి కత్తిరించి పెట్టుకోమన్నాను కదా, పోయిన పాఠంలో? తిరుపతిలో ఉండేవాళ్లకి అదేం పెద్ద పని కాదు, జిల్లా పేజీ తిప్పితే చాలు. ఇప్పుడు ఆ ముక్క ముందర పెట్టుకుని ఎర్ర పెన్ను ఒకటి, నీలం పెన్ను ఒకటి తీసుకోండి. పూజకు సంబంధించిన మాట కింద ఎర్ర గీత, పద్దుకు సంబంధించిన మాట కింద నీలం గీత. తప్పెవరిదో తేల్చే పని ఇప్పుడే వద్దు.

ఈ రంగులు నేను పుట్టించినవి కావు. రాజ్యాంగంలో 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే, మతాచారంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక వ్యవహారాలను ప్రభుత్వం చట్టం చేసి అదుపు చేయొచ్చని చెప్తుంది. నేను దానికి రెండు పెన్నులు కొన్నానంతే.

కొండమీద కల్యాణకట్టకు పోదాం. తలనీలాలిచ్చే మనిషి గోవిందా అంటూ తల వంచుతాడు. కత్తి ఆగేదాకా అది మొక్కు, ఎర్ర గీత. అదే జుట్టును పొడవును బట్టి వేరుచేసి, గోడౌనుకు చేర్చి, ఈ-వేలంలో అమ్ముతారు. అక్కడ నీలం. జుట్టు మారలేదు, రంగు మారింది. హుండీలో కానుక వేసే చెయ్యి ఎరుపు, పరకామణిలో లెక్కపెట్టే చెయ్యి నీలం.

ఇంతవరకు నల్లేరు మీద నడకే. అర్చకుడి నియామకం దగ్గరికొచ్చేసరికి నేను తప్పులో కాలేశాను. పూజ చేసేది ఆయనే కదా అని కళ్లుమూసుకుని ఎర్ర గీత గీసేశాను. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. దానిమీద తిరుమల అర్చకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో నారాయణ దీక్షితులు కేసులో వచ్చిన తీర్పు సారమిది: పూజ ఆగమం, అంటే గుడి పూజావిధుల శాస్త్రం ప్రకారం జరగాలి, అది మతం, ఆ పదవిలో ఎవరిని పెట్టాలన్నది లౌకికం. ఒక్క మనిషి కింద రెండు గీతలు! తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య, ఉద్యోగం, కాయితం మీద విడిపోయినంత తేలిగ్గా గర్భగుడిలో విడిపోతాయని నాకైతే నమ్మకం లేదు. శాసనసభకూ అలాగే అనిపించిందేమో, 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది.

లీలామహల్ సర్కిల్‌లో టీ తాగుతుంటే ఎవరో ఒకరు అననే అంటారు: "ఏమబ్బా, గవర్నమెంటుకు గుళ్లో ఏం పని?" ఆ మాట వినపడగానే పెన్నులు పక్కనపెట్టి ఇంకో ప్రశ్న వేసుకోండి: తాళంచెవి ఎవరి దగ్గర్నించి ఎవరి చేతికి పోయింది?

1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతోపాటు తిరుమల గుడి అజమాయిషీ కూడా ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు పెత్తనం చేయడమేంటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ పెట్టారు. కంపెనీ తప్పుకుని 1843లో గుడిని హథీరాంజీ మఠం మహంతు, అంటే మఠాధిపతి సేవాదాస్‌కు అప్పగించింది. అంటే మన కొండమీద సర్కారు గుడిని వదిలేసిన సందర్భం ఒకటి ముందే ఉంది, అదీ వేరే మతం వాళ్ల ఒత్తిడి మీద! మహంతుల పాలన తొంభై ఏళ్లు నడిచింది. 1933లో కొత్త చట్టంతో కమిటీ పాలన వచ్చింది. దానికి తొలి అధ్యక్షుడెవరో తెలుసా? మహంతు ప్రయాగదాస్‌జీయే. చట్టం మారినంత మాత్రాన తాళంచెవి పూర్తిగా చెయ్యి మారిందనుకోకూడదు.

పైదేశాల సంగతి వస్తే బోర్డు మీద రాసింది చూసి మోసపోవద్దు. 1905 చట్టంతో ఫ్రాన్స్ ఏ మతానికీ జీతాలివ్వనంది. కానీ అప్పట్లో జర్మనీ చేతిలో ఉండి, తర్వాత ఫ్రాన్సుకు తిరిగొచ్చిన అల్సాస్, మొజెల్ ప్రాంతాలకు ఆ చట్టం తగల్లేదు. ఇవాళ్టికీ అక్కడ పాదిరీల జీతం సర్కారుదే. టర్కీ తనను తాను లౌకిక రాజ్యమంటుంది, 1924లో పెట్టిన ప్రభుత్వ శాఖతో మసీదుల్ని నడిపిస్తుంది. మన దేవాదాయ శాఖను తలచుకుని చదివితే ఆ వార్తలు చప్పున అర్థమవుతాయి. ఇంగ్లండులోనో, రాజుగారే చర్చికి పెద్ద, ప్రభువుల సభలో బిషప్పులకు 26 సీట్లు.

అభ్యాసం. వీటికి రంగు వేయండి: సుప్రభాతం వేళ మార్పు. అన్నప్రసాదం బియ్యానికి టెండరు. పాలకమండలి ఛైర్మన్ నియామకం. ఎమ్మెల్యే సిఫారసు లేఖతో బ్రేక్ దర్శనం.

చివరి దానికి రెండు పెన్నులూ సరిపోలేదా? ఓటు రంగు వేరే ఉంది, ఐదో పాఠానికి మూడో పెన్ను తెచ్చుకోండి.