వర్షారణ్యంలో పక్షులు, చెట్లు – 4వ పాఠం: పండిన చెట్టు దగ్గర లెక్క రాయడం

ఈ పాఠానికి తీసుకున్న చెట్టు పశ్చిమ కనుమల్లోని అనమలై కొండల అడవి జాజికాయ చెట్టు, అంటే మిరిస్టికా డాక్టిలాయిడిస్. కాయ పండితే రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల గింజ, దాని చుట్టూ ఎర్రటి జాపత్రి. పక్షికి కావలసింది కొవ్వు నిండిన ఆ జాపత్రే. పెద్ద హార్న్‌బిల్, మలబార్ బూడిదరంగు హార్న్‌బిల్, కొండ ఇంపీరియల్ పావురం గింజను జాపత్రితో సహా మింగుతాయి (హార్న్‌బిల్ అంటే పెద్ద వంకర ముక్కున్న అడవి పక్షి). కడుపులో జాపత్రి ఊడిపోతుంది, గింజ చెడకుండా కొన్ని గంటల్లోపే నోటి గుండా బయటికి వస్తుంది. ఈలోపు పక్షి ఎంత దూరం పోయిందన్నదే చెట్టుకు ముఖ్యం.

కాబట్టి మనం లెక్క పెట్టవలసింది పక్షుల్ని కాదు, చెట్టు దాటి పోయిన గింజల్ని. కొత్తవాళ్ల నోటుపుస్తకాల్లో మొదట కనిపించే పొరపాటు ఇదే: ఏ పక్షి ఎన్నిసార్లు వచ్చిందో చక్కగా ఉంటుంది, వచ్చి ఏం చేసిందో ఉండదు.

కూర్చునే చోటు. చెట్టుకు 25–30 మీటర్ల దూరంలో, వీలైతే ఎగువ వాలు మీద కూర్చోండి. అప్పుడు చెట్టు తల మీ కళ్లకు దాదాపు ఎదురుగా ఉంటుంది, మెడ నొప్పి రాదు. కొమ్మల్లో సగమైనా కనపడకపోతే ఆ చెట్టు వదిలేయండి. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది) చాలు. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి, కనీసం 5 గంటలు కదలకూడదు. జలగలకు మోకాళ్ల దాకా దళసరి గుడ్డ మేజోళ్లు వేసుకోండి, లేకపోతే ధ్యాసంతా కాళ్ల మీదే ఉంటుంది. అభయారణ్యం లోపలైతే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

మొదలుపెట్టే ముందు చెట్టు కింద 1 మీటరు చదరాలు నాలుగు గుర్తించి, రాలిన గింజలన్నీ ఏరేయండి. ఇది బద్ధకించకూడని పని. రాలిన గింజ మీది జాపత్రిని చీమలు ఒకటి రెండు రోజుల్లో తినేస్తే, అదీ పక్షి కక్కిన గింజా ఒకేలా ఉంటాయి: నున్నగా, ముదురు రంగులో, జాపత్రి పట్టుకున్న చోట సన్నటి గాడులతో. ఉదయమే నేల శుభ్రం చేస్తే ఆ 5 గంటల్లో పడినవి మాత్రమే లెక్కకొస్తాయి. నున్నటివి చెట్టు మీదే కూర్చుని కక్కినవి. ఎర్ర జాపత్రితో ఉన్నవి జారినవో, ఉడుత పడేసినవో.

రెండు రకాల లెక్క. ప్రతి 5 నిమిషాలకు ఒకసారి చెట్టంతా చూసి, ఆ క్షణాన ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాయండి. మధ్యలో ఒకే ఒక పక్షిని ఎంచుకుని, అది వెళ్లేదాకా చూడండి: మింగినవి, జారవిడిచినవి, కక్కినవి, ఎగిరిన దిక్కు, చూసిన నిమిషాలు. కనుమరుగైతే 'చూపు తప్పింది' అని రాసి ఆపేయండి. ఊహించి పూర్తి చేయవద్దు.

ఒక్కో రాకకు ఎన్ని మింగిందో సగటు తీస్తే సరిపోదా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చూపు తప్పేవి ఎక్కువగా చాలాసేపు ఉండే పక్షులే. పూర్తిగా చూసిన వాటితోనే సగటు వేస్తే తక్కువ వస్తుంది. అందుకే నిమిషానికి ఎన్ని అన్నది తీయాలి. అభ్యాసానికి ఈ అంకెలు చూడండి: ఒక జాతి పక్షుల్ని మొత్తం 40 నిమిషాలు గమనిస్తే 10 గింజలు మింగాయి, నిమిషానికి 0.25. ఐదేసి నిమిషాల లెక్కలన్నీ కూడితే 24 వచ్చింది. 24×5 అంటే 120 పక్షి-నిమిషాలు, అంటే ఆ జాతి పక్షులన్నీ కలిసి చెట్టు మీద గడిపిన నిమిషాలు. 120×0.25 = 30 గింజలు. మీరు చూస్తుండగా మింగిన 10కి 3 చొప్పున చెట్టు మీదే కక్కి ఉంటే, దాటి పోయినవి 21.

పెద్ద హార్న్‌బిల్ వస్తుంటే రెక్కల హోరు ముందే వినిపిస్తుంది, తల అటే తిరుగుతుంది. ఆకుల చాటున అరగంటగా కిమ్మనకుండా కూర్చున్న పావురం మీ కాగితంలోకి రాదు. 5 నిమిషాల లెక్కను గడియారం చూసి చేయాలనడం ఇందుకే.

21 గింజలు పోయాయంటే 21 మొక్కలు వస్తాయని కాదు. 1993లో యూజీన్ షుప్ అనే పర్యావరణ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: ఎన్ని గింజలు చేరాయన్నది ఒకటి, ఒక్కో గింజకు పెద్ద చెట్టయ్యే అవకాశం ఎంతన్నది రెండోది. ఈ రెంటినీ గుణించాలి. గూడు కట్టే కాలంలో ఆడ హార్న్‌బిల్ తొర్రలో తనను తాను మూసుకుని ఉంటుంది, మగది సన్నటి చీలిక గుండా మేత అందిస్తుంది. దాంతో గింజలు తొర్ర కింద కుప్పగా పడతాయి. తల్లి చెట్టుకు దూరమే, కానీ ఎలుకలకు విందు, మొలకెత్తినవి ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. కాబట్టి ఎగిరిన దిక్కు రాసేటప్పుడు అటు గూడుందా అన్నదీ రాయండి.

ఇంటి పని. దీనికి అనమలై దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లో పండిన రావి గానీ మర్రి గానీ చూసుకుని 2 గంటలు కూర్చోండి. కంసాలి పిట్ట, పిగిలి పిట్ట, గోరింక, కోయిల వస్తాయి. వీటి రెట్టలో సన్నటి గింజలు చెక్కుచెదరకుండా పడతాయి, గోడ పగుళ్లలో రావి మొలిచేది అలాగే. పచ్చ పావురాలు గుంపుగా వచ్చి అందరికన్నా ఎక్కువ తింటాయి, కానీ వాటి కడుపులోని గట్టి కండరం చాలా గింజల్ని పిండి చేస్తుంది. పైన చెప్పిన రెండు లెక్కలనూ పట్టికగా వేయండి, పావురాలకు విడిగా ఒక గడి పెట్టండి. రాత్రి గబ్బిలాలు తిన్నవి మీ లెక్కలో ఉండవు గనక, సాయంత్రం ఒక కొమ్మ మీది పండ్లు లెక్కపెట్టి మర్నాటి ఉదయం మళ్లీ చూడండి. ఆ రెండు అంకెలూ వచ్చే పాఠంలో విత్తన వలలు, అంటే రాలే గింజల్ని పట్టే వలలు, కట్టేటప్పుడు కావాలి.