తుపాన్ల నెలలు రాకముందే: యూనివర్సిటీ స్టోరేజీ మార్చేవాళ్లకు జాగ్రత్తలు

కోస్తాలో యూనివర్సిటీ సర్వర్ గది చూసుకునేవాళ్లకు పెద్ద పని పెట్టుకునే వ్యవధి ఏడాదిలో చాలా తక్కువ. వేసవిలో ఏసీలు మొరాయిస్తాయి, పైగా ఫలితాలు, రీవాల్యుయేషన్, కౌన్సెలింగ్ హడావిడి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. కాబట్టి పాత స్టోరేజీ (డేటా దాచే డిస్కుల పెట్టె) నుంచి కొత్తదానికి మారడం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ముగించాలి. తేదీలు మీరు పెట్టొద్దు, ఎగ్జామ్ బ్రాంచ్‌తో రాతపూర్వకంగా ఇప్పించుకోండి. సెప్టెంబరు ఇరవైకల్లా కాపీ పూర్తయ్యేలా లేకపోతే మొహమాటపడకుండా జనవరికి వాయిదా వేయండి. డేటా సగం ఇక్కడ, సగం అక్కడ ఉండగా తుపాను మీద పడటం కంటే ఆ మూడు నెలలూ పాత పెట్టెతో నెట్టుకురావడమే నయం.

పాతదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు

డిస్కు పాడైతే రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా చాలా డిస్కుల్లో పరిచే పద్ధతి) కాచుకుంటుంది. మనం తప్పు కమాండ్ కొడితే కాచుకునేది ఏదీ లేదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్ నుంచి సుమారు 77 టీబీ, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు చెరిగిపోయింది బ్యాకప్ స్క్రిప్టు (వరుసగా నడిచే కమాండ్ల ఫైలు) వల్లే. పాత లాగ్ ఫైళ్లను తుడిచే ఆ స్క్రిప్టు నడుస్తుండగానే దాని మీద సరిచేసిన కాపీని రాసేశారు. బాష్ (లైనక్స్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్టును మొత్తం ఒకేసారి చదివి పెట్టుకోదు, నడుస్తూ కొంచెం కొంచెంగా చదువుతుంది. మధ్యలో ఫైలు మారేసరికి ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది. లాగ్‌లను తుడవాల్సిన కమాండ్ పరిశోధకుల డేటా మీద పడింది.

అందుకని మార్పిడి జరిగే రోజుల్లో తుడిచే పనులన్నీ, లాగ్ క్లీనింగ్‌తో సహా, ఆపేయండి. స్క్రిప్టు మార్చాల్సి వస్తే కొత్త పేరుతో పెట్టి, పాతది నడవడం లేదని చూసుకున్నాకే పేరు మార్చండి. విలువే ఇవ్వని వేరియబుల్ తగిలితే అక్కడికక్కడే ఆగిపోయేలా మొదటి వరుసల్లో ‘సెట్ మైనస్ యూ’ (set -u) ఉండాలి. పాత స్టోరేజీని రీడ్-ఓన్లీ చేసి 90 రోజులు ఉంచండి, కరెంటు తీయకుండా. ఆరేడేళ్లు ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆపితే మళ్లీ లేస్తాయన్న భరోసా లేదు. మార్పిడి వారంలో ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికి పోవద్దు. వెండర్ ఇంజనీరు ‘ఐదు నిమిషాల పనే సార్’ అన్నా సరే.

ముందు కాగితం మీద లెక్క

100 టీబీ డేటా 1 గిగాబిట్ లైన్ మీద లైను నిండా పారినా తొమ్మిది రోజులు దాటుతుంది. 10 గిగాబిట్ అయితే లెక్క ప్రకారం 22 గంటలు, చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉంటే దానికి రెట్టింపో మూడింతలో వేసుకోండి. స్కాన్ చేసిన మార్కుల రిజిస్టర్లు, విద్యార్థుల ఫొటోలు ఇలాంటివే. ఒక్కో ఫైలు కిలోబైట్లలో ఉంటుంది, లక్షల్లో ఉంటాయి. కాపీకి పట్టే సమయాన్ని పరిమాణం కంటే ఫైళ్ల సంఖ్యే నిర్ణయిస్తుంది. ముందు ఒక శాఖ ఫోల్డర్‌తో పరీక్షించి గంటకు ఎంత వెళ్తోందో రాసుకోండి.

కొత్త పెట్టెలో పెద్ద డిస్కులు వేస్తుంటే ఒక్క డిస్కు పోవడాన్నే తట్టుకునే రెయిడ్-5 వద్దు. చెడినదాని బదులు పెట్టిన 20 టీబీ డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున తిరిగి నింపినా 28 గంటలు పడుతుంది, పని భారం ఉంటే రోజులే. ఆ వ్యవధిలో ఇంకో డిస్కు పోతే కథ ముగిసినట్టే. అన్నీ ఒకే బ్యాచ్‌లో కొన్నవైతే ఇంచుమించు ఒకేసారి చెడే అవకాశం ఎక్కువ. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్-6 పెట్టి, హాట్ స్పేర్ (చెడినదాని స్థానంలోకి వెంటనే వచ్చే అదనపు డిస్కు) ఒకటి లోపల, మరో విడి డిస్కు బీరువాలో ఉంచండి. కాపీ మొదలుపెట్టే ముందు పాతదాని మీద పూర్తి స్క్రబ్ (డిస్కుల్లోని ప్రతి భాగాన్నీ చదివి చూసే పరీక్ష) ఒకటి నడపాలి. చాన్నాళ్లుగా ఎవరూ తెరవని ఫైళ్లలో దాగిన చెడు సెక్టార్లు అప్పుడే బయటపడతాయి.

కాపీలో దొర్లే తప్పులు

కాపీ చేసే ప్రోగ్రామ్ ఆర్‌సింక్‌కు పర్మిషన్లు, ఏసీఎల్‌లు (అనుమతుల జాబితాలు), హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు ఉన్న వేరే పేర్లు) తీసుకెళ్లమని విడిగా చెప్పాలి. చెప్పకపోతే ఫైళ్లు చేరతాయి, ఎవరు ఏది చూడొచ్చన్నది మాత్రం చేరదు. సోమవారం పొద్దున్నే ప్రశ్నపత్రాల ఫోల్డర్ అందరికీ తెరుచుకుంటే ఏం జరుగుతుందో ఊహించుకోండి. డిలీట్ ఆప్షన్‌తో (పాతచోట లేనివాటిని కొత్తచోట తుడిచేది) నడిపే చివరి విడతకు ముందు తప్పకుండా డ్రై రన్ (నిజంగా ఏదీ మార్చని రిహార్సల్) చేసి, అది చూపే జాబితాను ఇద్దరు చదవాలి. సోర్స్ చివర స్లాష్ ఉందా లేదా అన్న ఒక్క తేడాతో ఫోల్డర్ మొత్తం తప్పు చోట దిగుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు. విండోస్ ఫైల్ సర్వర్‌లో పేరుకు 255 యూనిట్లు (తెలుగులో ఒక్కో సంకేతం ఒక యూనిట్) చెల్లుతాయి, లైనక్స్ స్టోరేజీలో 255 బైట్లే. తెలుగులో ఒక్కో యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు కాబట్టి 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. ‘లక్ష్మి’ అన్న చిన్న పేరే ఏడు సంకేతాలు, 21 బైట్లు. సిద్ధాంత గ్రంథం శీర్షిక మొత్తాన్నీ ఫైలు పేరుగా పెట్టడం తెలుగు, చరిత్ర శాఖల్లో మామూలే. అలాంటివి ‘పేరు మరీ పొడవు’ అన్న ఎర్రర్‌తో కాపీ కాకుండా మిగిలిపోతాయి, లాగ్ చూడకపోతే ఎవరికీ తెలియదు. 85 సంకేతాలు దాటినవాటిని ముందే ఏరి, ఆ శాఖవాళ్లతోనే పేర్లు కుదింపించండి.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిపోవాలి, షా-256 చెక్‌సమ్‌లు (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కకట్టే గుర్తులు) కలవాలి. డేటాబేస్‌ను నడుస్తుండగా ఫైళ్లుగా కాపీ చేయొద్దు. డంప్ (మొత్తం డేటాను ఫైలుగా ఎగుమతి) తీసి, కొత్తచోట ఎక్కించి, నిరుటి ఒక సెమిస్టర్ ఫలితాల్లో పది హాల్‌టికెట్ నంబర్లు అడిగి చూడండి.

బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరి బయట, ఒకటి నెట్‌వర్క్‌కు అందకుండా. విశాఖ కాపీని కాకినాడలోనో మచిలీపట్నంలోనో పెడితే అది ఊరి బయట పెట్టినట్టు కాదు, అదే తీరం. హైదరాబాద్ లాంటి చోట పెట్టండి.

నెట్‌వర్క్‌కు అందని కాపీ ఎందుకంటే, 2019 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి చేసినవాళ్లు ఆన్‌లైన్‌లో ఉన్న బ్యాకప్ సర్వర్లకూ తాళం వేశారు. యూనివర్సిటీ 30 బిట్‌కాయిన్లు చెల్లించింది. వాళ్లు లోపలికి వచ్చింది అక్టోబరులో. అంటే 30 రోజుల బ్యాకప్‌లే ఉంచుకుంటే, దొంగ లోపలున్నప్పటి కాపీలే మీ చేతిలో మిగులుతాయి. కనీసం 90 రోజులు ఉంచండి. బ్యాకప్ సర్వర్ యాక్టివ్ డైరెక్టరీలో (లాగిన్‌లన్నీ ఒకేచోట నడిపే వ్యవస్థ) సభ్యుడు కాకూడదు, దాని పాస్‌వర్డ్ వేరు, రెండో ధ్రువీకరణ తప్పనిసరి. మన దేశంలో ఇలాంటి ఘటనను 6 గంటల్లోగా సర్ట్-ఇన్‌కు (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

టేపు చాదస్తం అనుకోవద్దు, బీరువాలో ఉన్న టేపును ఏ వైరసూ ముట్టుకోలేదు. ఎల్‌టీవో-9 రకం టేపులో 18 టీబీ పడుతుంది. టేపు పెట్టె మీద రాసిన 45 టీబీ కుదింపు లెక్క, స్కాన్ ఫైళ్లకు పనికిరాదు. కొత్త ఎల్‌టీవో-9 టేపును డ్రైవ్ మొదటిసారి క్యాలిబ్రేట్ చేసుకుంటుంది, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో ఆపేయొద్దు. పాత ఎల్‌టీవో-6, 7 టేపులను ఈ డ్రైవ్ చదవదు, కాబట్టి పాత డ్రైవ్‌ను తుక్కుకు అమ్మొద్దు. ఎన్‌క్రిప్షన్ తాళాన్ని టేపు పక్కనే కాకుండా రిజిస్ట్రార్ సేఫ్‌లో సీల్డ్ కవరులో ఉంచండి.

2016 అక్టోబరులో లండన్ కింగ్స్ కాలేజీ స్టోరేజీలో ఒక భాగం చెడి, దాన్ని మార్చాక మొత్తం పెట్టే కూలిపోయింది. చోటు చాలక కొంత డేటా అసలు టేపుల్లోకే వెళ్లలేదనీ, ఆ సంగతి కాలేజీకి చెప్పలేదనీ తర్వాత తేలింది. మీరు బ్యాకప్ తీయని వాటి జాబితా రాసి, అధికారుల సంతకం తీసుకోండి. సంతకం అడిగితే బడ్జెట్ కూడా తొందరగా కదులుతుంది.

తుపాను హెచ్చరిక వచ్చాక

యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తాయి, ఏసీ నడవదు. చిన్న గది నిమిషాల్లో వేడెక్కుతుంది. గది 35 డిగ్రీలు దాటితే సర్వర్లు వాటంతటవే ఆగేలా సెన్సర్ పెట్టండి. జనరేటర్ గంటకు ఎంత డీజిల్ తాగుతుందో అసలు లోడ్ మీద కొలిచి, 72 గంటలకు సరిపడా నింపండి. తుపాను తర్వాత బంకుల్లో కరెంటు ఉండదు. ఆపే వరుస అప్లికేషన్లు, డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్లు, హోస్టులు, ఆఖరికి స్టోరేజీ, ఆ తర్వాతే స్విచ్‌లు. లేపేటప్పుడు తిరగేసి. ఈ వరుస, ఐపీలు, ఫోన్ నంబర్లు అచ్చు వేసి గోడకు అంటించండి. డీఎన్ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్), పాస్‌వర్డ్ మేనేజర్ అదే స్టోరేజీలో ఉంటే, అది లేవనిదే పాస్‌వర్డ్ దొరకదు, పాస్‌వర్డ్ లేనిదే అది లేవదు.

కరెంటు రాగానే స్విచ్ నొక్కేయొద్దు. రెండు రోజులు మూసి ఉన్న గదిలో తేమ పట్టి ఉంటుంది. ముందు ఏసీ వేసి, ర్యాకుల తలుపులు తెరిచి, పెట్టెల లోహం మీద చెమ్మ పూర్తిగా ఆరిందని చేత్తో తాకి చూశాకే మొదటి స్విచ్.