లగ్‌వార్మ్‌ను వర్గీకరించి, దాని ఆవాసాన్ని నమోదు చేయడం ఎలా

సముద్రపు శూకపురుగుల (శూకాలు, అంటే బిరుసు వెంట్రుకలు, ఉండే పురుగుల) మీద ప్రాజెక్టు నివేదిక రాసేవారిలో చాలామంది వర్గీకరణను ముందుగా ఒక పట్టికలో పెట్టి, ఆవాసాన్ని చివర రెండు వాక్యాల్లో ముగించేస్తారు. ఈ రెండింటికీ సంబంధం లేనట్టు రాస్తే ఎంత చిక్కు వస్తుందో అరెనికోలా మరైనా అనే ఒక్క జాతిని తీసుకుంటే తెలుస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, జర్మనీ తీరాల్లో సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఇసుక మీద చుట్టలుగా కనిపించే పోగులు, అంటే పురుగు మింగి వదిలిన ఇసుక, ఎక్కువగా దీనివే. గాలం వేసేవారు ఎర కోసం తవ్వుకునే లగ్‌వార్మ్ కూడా ఇదే. ఆ దేశాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు తీరప్రాంత క్షేత్రపర్యటనల్లో తరచుగా ఎదురయ్యే జీవి కాబట్టి, దీన్నే నమూనాగా తీసుకుని పద్ధతి చెబుతున్నాను.

మొదట పేరును సరిగా రాయాలి. పూర్తి పేరు అరెనికోలా మరైనా (లిన్నేయస్, 1758). ఇందులోని కుండలీకరణాలు ఇష్టమైతే పెట్టి, లేకపోతే వదిలేసేవి కావు. లిన్నేయస్ ఈ పురుగును వానపాముల ప్రజాతి అయిన లుంబ్రికస్‌లో చేర్చి లుంబ్రికస్ మరైనస్ అన్నాడు. అరెనికోలా ప్రజాతిని లామార్క్ 1801లో ఏర్పరిచాడు. జాతికి తొలిసారి పేరు పెట్టినప్పటి ప్రజాతి, ఇప్పుడు అది ఉన్న ప్రజాతి వేరువేరు అయినప్పుడే కర్త పేరునూ సంవత్సరాన్నీ కుండలీకరణాల్లో ఉంచాలని జంతు నామకరణ నియమావళి చెబుతుంది. పాత పుస్తకాల్లో అరెనికోలా పిస్కటోరమ్ అనే పేరు కనిపిస్తే దాన్ని మరో జాతిగా లెక్కించకూడదు. అది దీని పర్యాయనామమే. ప్రస్తుతం చెల్లే పేరు ఏదో వర్మ్స్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ప్రపంచ సముద్రజాతుల రిజిస్టరులో సరిచూసుకోవడం మంచిది.

తరువాత వర్గీకరణ మెట్లు. వర్గం అనెలిడా (శరీరం ఖండితాలుగా, అంటే వరుస భాగాలుగా, ఉండే పురుగులు), విభాగం పాలికీటా (శూకపురుగులు), ఉపవిభాగం సెడెంటేరియా, కుటుంబం అరెనికోలిడే. కొన్ని పాఠ్యపుస్తకాలు క్రమం దగ్గర కాపిటెల్లిడా అని రాస్తాయి గాని, నేటి రిజిస్టరు ఈ కుటుంబాన్ని ఏ క్రమంలోనూ చేర్చలేదు. పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఏదో ఒక పేరు తెచ్చి నింపడం కన్నా, ఖాళీగా వదిలి కారణం ఒక వాక్యంలో చెప్పడమే పద్ధతి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. జన్యు ఆధారాలతో గీసిన వంశవృక్షాల్లో వానపాములు, జలగలు పాలికీటా బయట కాక దాని లోపలే, అందులోనూ ఈ సెడెంటేరియా శాఖలోనే పడుతున్నాయి. కాబట్టి పాలికీటా, ఆలిగోకీటా (వానపాములు), హిరుడీనియా (జలగలు) అని మూడు సమాన విభాగాలుగా మన డిగ్రీ పుస్తకాలు చెప్పిన తీరు నేటి అవగాహనకు సరిపోదు. లిన్నేయస్ పైరూపం చూసి వానపాముల్లో చేర్చాడు. ఆ కారణం నిలవకపోయినా, చుట్టరికం మాత్రం మనం అనుకున్నంత దూరపుది కాదని తేలింది.

ఇక పురుగును చేతికి తీసుకుని చూడాలి. లోతులేని తెల్లని పళ్లెంలో సముద్రపు నీరు పోసి అందులో ఉంచితే, కాసేపటికి ముడుచుకున్న శరీరం సాగి, మొప్పలు విచ్చుకుని ఎర్రగా కనిపిస్తాయి. పెద్ద పురుగులు సాధారణంగా 12 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుంటాయి. రంగు గులాబీ నుంచి ముదురు గోధుమ, నలుపు వరకూ మారుతుంది కాబట్టి దాన్ని గుర్తింపు లక్షణంగా తీసుకోకూడదు. తల మీద కళ్లు, స్పర్శకాలు కనబడవు, దవడలు ఉండవు. చిన్న బుడిపెలతో నిండిన సంచిలాంటి తుండం మాత్రం బయటికి వచ్చి లోపలికి పోతూ ఉంటుంది. కళ్లు, దవడలు ఉండే నీరిస్ అనే మరో శూకపురుగు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇక్కడే తేడా తెలిసిపోతుంది.

లెక్కించే పని భూతద్దంతో, ముందు నుంచి వెనక్కి చేయాలి. శూకాలున్న మొదటి ఆరు ఖండితాలకు మొప్పలుండవు. ఏడవది మొదలు పంతొమ్మిదవది వరకు, అంటే 13 ఖండితాలకు, జతలుగా మొప్పలుంటాయి. ఆ వెనుక సన్నని తోక భాగంలో శూకాలూ ఉండవు, మొప్పలూ ఉండవు. మొదటి జత మొప్పలు చాలా చిన్నవిగా ఉండి కంటికి ఆనకపోవచ్చు. అందువల్ల మొప్పల లెక్క మీద ఆధారపడక, శూకాల కుచ్చులనే లెక్కపెట్టాలి. ఒక్కో ఖండితం మీద చర్మం మళ్లీ సన్నని వలయాలుగా ముడతలు పడి ఉంటుంది. ఆ వలయాలను ఖండితాలుగా లెక్కిస్తే సంఖ్య ఎక్కడికో పోతుంది. అసలు తోకే లేకుండా మొప్పలు చివరిదాకా సాగి ఉంటే అది అరెనికోలైడిస్ ఎకాడేటా అయి ఉంటుంది. అది రాళ్ల మధ్య గులకమట్టిలో ఉండే వేరే ప్రజాతి పురుగు.

తోక ఉందా లేదా అన్నది ముఖ్యం గాని, దాని పొడవు ముఖ్యం కాదు. సుమారు 40 నిమిషాలకొకసారి ఈ పురుగు వెనక్కి జరిగి, తోకను ఇసుక పైకి చేర్చి మలం విడుస్తుంది. ఆ క్షణం కోసం కాచుకున్న చేపలు, పక్షులు తోక కొసను తుంచుకుపోతాయి. పోయిన ఖండితాలు తిరిగి రావు. ఈ పురుగు దినచర్యను కొలిచి నమోదు చేసిన వారిలో ముఖ్యుడు జి.పి. వెల్స్, రచయిత హెచ్.జి. వెల్స్ కుమారుడాయన.

అసలు జాగ్రత్త పడవలసింది ఇప్పుడు. 1993లో కాడ్‌మన్, నెల్సన్-స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, అప్పటిదాకా ఒకే జాతిగా చూసినదాంట్లోంచి అరెనికోలా డిఫోడియన్స్ అనే కొత్త జాతిని వేరుచేశారు. ఎర తవ్వేవారు మాత్రం దాన్ని నల్ల లగ్ అని ముందు నుంచే వేరుగా పిలిచేవారు. మరైనా మొప్పలు పొదలాగా అడ్డదిడ్డంగా కొమ్మలు వేస్తాయి. డిఫోడియన్స్ మొప్పలు ఈకలాగా నడిమి కాడకు ఇరువైపులా క్రమంగా చీలుతాయి. ఇసుక మీది గుర్తులు కూడా వేరు. మరైనా పోగు జంతికల గొట్టంలోంచి వత్తి వదిలేసినట్టు కలగాపులగంగా పడి ఉంటుంది, దానికి కాస్త దూరంలో చిన్న గుంట కనిపిస్తుంది. డిఫోడియన్స్ పోగు ఒక క్రమంలో చుట్ట తిరిగి ఉంటుంది, పక్కన గుంట సాధారణంగా కనబడదు. డిఫోడియన్స్ తీరం దిగువ అంచులోనూ, ఎప్పుడూ నీరుండే లోతుల్లోనూ, అలల తాకిడి ఎక్కువగా ఉన్నచోటా ఎక్కువ. ఇంతకీ దీని ఫలితమేమంటే, 1993కు ముందు ఈ తీరాల దిగువ భాగం నుంచి మరైనా అని రాసిన నమోదులలో రెండు జాతులూ కలిసిపోయి ఉండవచ్చు. పాత నివేదిక నుంచి ఆవాస సమాచారం తీసుకునేటప్పుడు సంవత్సరాన్ని చూడాలి. తీరంలో ఏ ఎత్తున సేకరించారో అందులో లేకపోతే దాన్ని ఆధారంగా వాడకపోవడమే మేలు.

మీ సొంత నమోదులో ఆ లోపం ఉండకూడదు. ముందుగా తీరంలో స్థానం రాయాలి: మరైనా పెద్దపురుగులు ఆటుపోట్ల మధ్య భాగంలో, అలల తాకిడి తక్కువగా ఉండే చోట దట్టంగా ఉంటాయి, పిల్లపురుగులు తీరం పైభాగంలో పెరుగుతాయి. తరువాత నేల స్వభావం: కొద్దిగా బురద కలిసిన ఇసుక దీనికి అనుకూలం, ముతక గులకలోనూ, కాలు దిగబడే మెత్తని బురదలోనూ ఇది నిలవదు. ఆపైన సాంద్రత: చదరపు మీటరు చట్రం వేసి పోగులను లెక్కించాలి. కొత్త పోగులు పడాలంటే సమయం పడుతుంది కాబట్టి, పోటు దిగిన వెంటనే కాక కొంతసేపు ఆగి లెక్కించడం మంచిది. అనుకూలమైన చోట ఈ లెక్క వంద దాటుతుంది.

బొరియను చూడాలంటే పోగుకూ గుంటకూ మధ్య ఉన్న గీతకు పక్కగా, పార నిలువుగా దించి ఒకవైపు మట్టిని తీసేయాలి. 20 నుంచి 40 సెంటీమీటర్ల లోతున వంపు తిరిగే బొరియ బయటపడుతుంది. చుట్టూ ఇసుక ఇనుము సల్ఫైడు వల్ల నల్లగా ఉంటే, బొరియ గోడ మాత్రం లేత గోధుమరంగులో ఉంటుంది. పురుగు తోకవైపు నుంచి నీటిని లోపలికి తోస్తూ ఉంటుంది; ఆ నీటిలోని ప్రాణవాయువు తగిలిన మేరకు నల్లదనం పోతుంది. ఆ నీరే తలవైపు ఇసుకను వదులు చేసి కిందికి జారేలా చేస్తుంది. జారిన ఇసుకను మింగి, దానికంటిన సూక్ష్మజీవులను జీర్ణించుకుని, మిగిలినది పైకి పంపడమే ఈ జీవి చేసే పని. గోధుమరంగు అంచు మందాన్ని స్కేలుతో కొలిచి రాసుకుంటే, ఆవాసం గురించి పేజీల వర్ణన చెప్పని సంగతి అది చెబుతుంది. చూడడం అయ్యాక తీసిన మట్టిని తిరిగి పూడ్చాలి. గోతులు అలాగే వదిలేస్తే పక్కనున్న చిన్న గుల్లజీవులు మట్టికుప్పల కింద చిక్కి చనిపోతాయి.

ఇదే పద్ధతిని బంగాళాఖాతం తీరంలో వాడేవారు ఒక్క విషయం మరవకూడదు. అరెనికోలా మరైనా ఈశాన్య అట్లాంటిక్ తీరాల జీవి. మన ఇసుకతిన్నెల మీద చుట్ట కనిపించినంత మాత్రాన ఆ పేరు రాయకూడదు. అనెలిడాకే చెందని బెలనోగ్లాసస్ వంటి జీవులు కూడా అలాంటి చుట్టలే వేస్తాయి. పురుగు దొరికి, శూకాలు, మొప్పలు లెక్కకు వస్తే కుటుంబం వరకు రాయండి; అంతకు మించి ఆధారం లేకపోతే అరెనికోలిడే అన్న మాట దగ్గరే ఆగి, నమూనాను ఆల్కహాలులో భద్రపరచి నిపుణులకు పంపండి.