కార్డ్‌లెస్ డ్రిల్‌కి చవక బ్యాటరీ కొంటున్నారా? ముందు తూకం వేయండి

18 వోల్టుల ప్యాక్‌లో ఒక వరుసకి 5 సెల్స్ ఉంటాయి. మామూలు 18650 సెల్ (గొట్టం ఆకారంలో ఉండే లిథియం సెల్) ఒక్కోటి దాదాపు 45 గ్రాములు, మంచిదైనా సాధారణంగా 3.5 ఆంపియర్ అవర్ (ఏహెచ్) దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఈ సెల్స్‌తో 5 లేదా 6 ఏహెచ్ రావాలంటే రెండు వరుసలు, అంటే 10 సెల్స్ ఉండాలి. సెల్స్ బరువే 450 గ్రాములు, డబ్బాతో కలిపి ఇంకా ఎక్కువ. కిచెన్ త్రాసు మీద 400 చూపిస్తే లోపల ఉన్నవి 5 సెల్సే, వెంటనే వాపసు పంపేయండి. లేబుల్ మీద 48, 88 వోల్టులు అని ఉంటే అసలు నమ్మొద్దు: ఫుల్ ఛార్జ్‌లో మల్టీమీటర్ 21 వోల్టులే చూపిస్తుంది.

కార్డ్‌లెస్ యాంగిల్ గ్రైండర్‌కి మాత్రం ఇలాంటివి వాడకండి. అది లాగే కరెంటుకి నాసిరకం సెల్స్ వేడెక్కుతాయి. ప్యాక్ లోపల ఉండే చాలా చవక సర్క్యూట్ బోర్డులు సెల్స్‌ని విడివిడిగా గమనించవు, ఒక సెల్ 4.2 వోల్టులు దాటినా ఛార్జింగ్ ఆగదు. అందుకే రాత్రంతా ఛార్జింగ్‌లో వదలొద్దు, నిప్పు అంటుకోని టైల్స్ నేల మీదే పెట్టండి.