పాత కారులో ఫోన్ పాటలు: సిటీ దగ్గర వచ్చే గరగర ఇలా పోయింది

మా పాత కారు స్టీరియోకి బ్లూటూత్ లేదు, ఆక్స్ (ఫోన్ వైరు గుచ్చే రంధ్రం) లేదు, లైటర్ సాకెట్‌లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరే (ఫోన్ పాటను మనం పెట్టిన ఎఫ్ఎం నంబర్ మీద కారు రేడియోకి పంపే చిన్న పరికరం) దిక్కు. నల్లగొండలో పాట శుభ్రంగా వచ్చేది, చౌటుప్పల్ దాటి హైదరాబాద్ దగ్గరపడేకొద్దీ గరగర, మధ్యలో ఎవరో యాంకర్ ముచ్చట్లు. ట్రాన్స్‌మిటర్ మార్చినా, సౌండ్ పెంచినా లాభం లేదు.

చివరికి హయత్‌నగర్ దగ్గర కారు పక్కకు ఆపి, ముందు ట్రాన్స్‌మిటర్ పీకేసి, ఉత్త రేడియోను 87.5 నుంచి చేత్తోనే ఒక్కో పాయింట్ జరుపుకుంటూ పోయాను (ఆటో సెర్చ్ వద్దు, అది స్టేషన్ ఉన్నచోటే ఆగుతుంది, మనకు కావాల్సింది ఖాళీ జాగా). 88.3 దగ్గర ఒకేతీరు సుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు, అటూ ఇటూ 0.2 దాకా కూడా అంతే. అప్పుడు ట్రాన్స్‌మిటర్ పెట్టి అదే నంబర్ సెట్ చేసి, ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతుకు పెంచి, స్టీరియోది తగ్గించాను. ఇది ముఖ్యం, ఫోన్‌లో సౌండ్ తక్కువుంటే స్టీరియో పాటతో పాటు గరగరను కూడా పెంచుతుంది.

మీ దారిలో ఖాళీ నంబర్ వేరే ఉండొచ్చు. ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా పెరిగే కూత అయితే మాత్రం దీనితో పోకపోవచ్చు, అది ఎక్కువగా కారు బ్యాటరీ చార్జింగ్, ఎర్తింగ్ వైపు సమస్య.